వయోమింగ్ ప్రభుత్వ భూముల్లో ప్రాంగ్‌హార్న్ వేట: ట్యాగ్ కొనే ముందు పటం తెరవండి

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు మళ్లీ చెబుతాను. మీరు డాలస్ దగ్గర ఉంటూ హెచ్-1బీ వీసా మీద పనిచేస్తున్నారు. టెక్సాస్‌లో ఒక రాంచ్‌కు డబ్బు కట్టి రెండుసార్లు అడవిపందుల వేటకు వెళ్లారు. ఇప్పుడు ఒక స్నేహితుడితో కలిసి, గైడ్ లేకుండా, వయోమింగ్‌లోని ప్రభుత్వ భూమి మీద యాంటిలోప్‌ను, అంటే జింకను పోలిన ప్రాంగ్‌హార్న్‌ను, వేటాడాలనుకుంటున్నారు. డ్రాలో, అంటే ట్యాగ్‌ల కేటాయింపులో, ముందు వరుస తెచ్చిపెట్టే ప్రిఫరెన్స్ పాయింట్లు లేవు గనుక, డ్రా అయ్యాక మిగిలిపోయిన ట్యాగ్‌లలో (ఒక్కో జంతువుకు ఒక్కో వేట అనుమతి పత్రం) ఒకటి తీసుకుంటే సరిపోతుందా, వీసా మీద ఉన్నవారు తుపాకి పట్టుకోవచ్చా, ఎంత దూరం నుంచి కాల్చగలగాలి, దాని మాంసానికి వాసన ఉంటుందన్న మాట నిజమా అని అడిగారు.

నేను ఉత్తర కొలరాడోలో స్థిరపడి పదిహేడేళ్లయింది. వయోమింగ్ సరిహద్దు మా ఇంటికి గంట దూరం లోపే కాబట్టి ఇప్పటికి పన్నెండు శరదృతువులు అక్కడ ఈ వేటకు వెళ్లాను. నేను గైడ్‌ను కాను, లాయర్‌ను అసలే కాను. చూసినదీ చేసినదీ మాత్రం చెప్పగలను.

గైడ్ లేకుండా వెళ్లవచ్చా అన్నదానికి సమాధానం సులభం, నిక్షేపంగా వెళ్లవచ్చు. వయోమింగ్‌లో ఫెడరల్ వైల్డర్‌నెస్‌గా ప్రకటించిన కొండ ప్రాంతాల్లో పెద్ద జంతువులను వేటాడే బయటి రాష్ట్రాలవారికి గైడ్ తప్పనిసరి అన్న నిబంధన ఉంది గానీ, ఈ జంతువు ఉండేది బయలు నేలల్లో కనుక అది మీకు అడ్డు రాదు. అసలు చిక్కు మీ మొదటి ప్రశ్నలో ఉంది. మిగిలిపోయిన ట్యాగ్ ఎందుకు మిగిలిపోయిందో ఒక్కసారి ఆలోచించండి. ఈ రాష్ట్రంలో ప్రాంగ్‌హార్న్‌లు లక్షల్లో ఉన్నాయి, వాటికోసం దేశం నలుమూలల నుంచి దరఖాస్తులు వస్తాయి, అయినా ఒక ఏరియా (ట్యాగ్ చెల్లే వేట ప్రాంతం) ట్యాగ్‌లు అమ్ముడుపోలేదంటే అక్కడ జంతువులు లేవని అర్థం కాదు. చాలాసార్లు జంతువులు దండిగానే ఉంటాయి, మీరు కాలు పెట్టడానికి నేల ఉండదు. సులువుగా దొరికే ట్యాగ్‌కూ ప్రైవేటు భూమికీ ఉన్న ఈ సంబంధం తెలియక నష్టపోయినవారిలో నేనూ ఒకణ్ణి.

మొదటి ఏడాది నేను రాష్ట్రానికి ఈశాన్యాన, గిలెట్ పట్టణం వైపున్న ఒక ఏరియాకు మిగిలిన ట్యాగ్ కొన్నాను. పటంలో అక్కడక్కడా పసుపు రంగు మచ్చలు కనిపించాయి, పసుపంటే ప్రభుత్వ భూమి గదా అని ధీమాగా బయలుదేరాను. తీరా వెళ్లి చూస్తే, ఆ పసుపు మచ్చల్లో మూడు వంతులు చుట్టూ ప్రైవేటు రాంచ్‌ల మధ్య చిక్కుకుని ఉన్నాయి, వాటికి దారి లేదు. రోడ్డు పక్కన నిలబడి బైనాక్యులర్స్‌లో చూస్తే అర మైలు అవతల, నాకు పూర్తి హక్కున్న నేల మీద, నలభై దాకా ప్రాంగ్‌హార్న్‌లు తాపీగా మేస్తున్నాయి. మధ్యలో ఉన్న రాంచ్ యజమాని ఇంటికి వెళ్లి అడిగితే, ఆ నేలను అప్పటికే ఒక గైడ్ వ్యాపారికి సీజన్ మొత్తానికీ ఇచ్చేశానని మర్యాదగానే చెప్పాడు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఏమిటో ఆ మూడు రోజుల్లో బాగా తెలిసింది.

అందుకే ముందు రంగులు నేర్చుకోండి. ఫెడరల్ భూ నిర్వహణ సంస్థ బీఎల్ఎం ప్రచురించే పటాల్లో ఆ సంస్థ భూమి పసుపు, ఫారెస్ట్ సర్వీస్ అడవి ఆకుపచ్చ, రాష్ట్ర భూమి నీలం, ప్రైవేటు భూమి తెలుపు. వయోమింగ్ నేలలో దాదాపు సగం ఫెడరల్ ప్రభుత్వానిది, అందులో కోటీ ఎనభై లక్షల ఎకరాల దాకా బీఎల్ఎం చేతిలో ఉంది. నీలం రంగు సెక్షన్లు, అంటే చదరపు మైలు ముక్కలు, చాలావరకు ఒక్కో టౌన్‌షిప్‌లో (36 సెక్షన్ల సర్వే గడిలో) 16, 36 నంబర్లవి. పబ్లిక్ రోడ్డు నుంచి గానీ మరో ప్రభుత్వ భూమి నుంచి గానీ చట్టబద్ధంగా చేరగలిగితే వాటిలో వేటాడవచ్చు, కానీ రాత్రి బస చేయడం, మంట వేయడం కుదరదు. బీఎల్ఎం భూమి మీద మాత్రం సాధారణంగా పద్నాలుగు రోజుల వరకు గుడారం వేసుకోవచ్చు. ఆన్‌ఎక్స్ వంటి యాప్‌లు ఇవే హద్దులను ఫోన్‌లో చూపిస్తాయి. చాలాచోట్ల సిగ్నల్ ఉండదు కాబట్టి ఇంటి దగ్గరే పటాన్ని డౌన్‌లోడ్ చేసుకుని వెళ్లాలి.

తెల్ల రంగు మీద ఒక హెచ్చరిక. వయోమింగ్‌లో ప్రైవేటు భూమి మీద వేటాడాలంటే కంచె ఉన్నా లేకపోయినా, బోర్డు కట్టినా కట్టకపోయినా, అనుమతి తీసుకోవలసిందే. బోర్డు కనబడలేదండీ అన్న మాట అక్కడ చెల్లదు.

పటంలో దక్షిణ భాగాన్ని, అంటే రాలిన్స్, రాక్ స్ప్రింగ్స్ మీదుగా పోయే ఇంటర్‌స్టేట్ 80 రహదారికి ఇరువైపులా ఉన్న నేలను చూస్తే అచ్చం చదరంగం పలకలా కనిపిస్తుంది. 1862, 1864 నాటి రైల్వే చట్టాల కింద, మార్గానికి రెండు వైపులా ఇరవై మైళ్ల వరకు, ఒక చదరపు మైలు విడిచి ఒక చదరపు మైలు చొప్పున బేసి నంబరు సెక్షన్లను యూనియన్ పసిఫిక్ కంపెనీకి ఇచ్చారు. సరి నంబరువి ప్రభుత్వం దగ్గర మిగిలాయి. ఫలితంగా రెండు పసుపు గళ్లు ఒక మూల దగ్గర మాత్రమే కలుస్తాయి, ఆ మూల దాటేటప్పుడు మన భుజం పక్కనున్న ప్రైవేటు గడి మీది గాలిలోకి పోతుంది. అది అతిక్రమణ అవుతుందా కాదా అన్న వివాదం దశాబ్దాలుగా నానుతూ వచ్చింది. మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు కార్బన్ కౌంటీలోని ఎల్క్ మౌంటెన్ దగ్గర ఒక నిచ్చెన వేసుకుని, ప్రైవేటు నేలను కాలితో తాకకుండా, మూల మీదుగా దాటారు. వారిపై పెట్టిన క్రిమినల్ కేసులో 2022లో జ్యూరీ వారిని నిర్దోషులుగా తేల్చింది. భూమి యజమాని వేసిన సివిల్ దావాలోనూ పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు 2025 మార్చిలో వేటగాళ్ల పక్షానే తీర్పు చెప్పింది. ప్రభుత్వ భూమికి దారి మూసేయడాన్ని నిషేధించిన 1885 నాటి చట్టం దానికి ఆధారం. అదే ఏడాది అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ఈ కేసును విచారణకు తీసుకోవడానికి నిరాకరించింది.

కనుక ఆ సర్క్యూట్ పరిధిలోని ఆరు రాష్ట్రాల్లో, అంటే వయోమింగ్, కొలరాడో, యూటా, న్యూ మెక్సికో, కాన్సాస్, ఓక్లహోమాల్లో, నేలను తాకకుండా మూల దాటవచ్చు. మోంటానా దాని కిందికి రాదు. అయినా నా పద్ధతి ఒకటి చెబుతాను. ఫోన్‌లో కనిపించే మూలను నేను నమ్మను. అది కొన్ని అడుగులు అటూ ఇటూ చూపిస్తుంది, ఆ కొన్ని అడుగులే అతిక్రమణ. సర్వేవాళ్లు పాతిన ఇత్తడి టోపీ ఉన్న గుర్తు కంటికి కనిపిస్తేనే దాటుతాను, కనిపించకపోతే వెనక్కి వస్తాను. కొత్తవారు మొదటి ఏడాదే మూలలు దాటే పని పెట్టుకోకపోవడం మంచిదని నా అభిప్రాయం.

మరి ఏం చేయాలి? డ్రాకు దరఖాస్తు చేయండి. బయటి రాష్ట్రాలవారికి గడువు సాధారణంగా జూన్ మొదటి రోజుల్లో ముగుస్తుంది. ట్యాగ్‌లలో 75 శాతం ఎక్కువ పాయింట్లున్నవారికి పోతాయి, మిగిలిన 25 శాతం పాయింట్లతో నిమిత్తం లేకుండా లాటరీ పద్ధతిలో తీస్తారు కాబట్టి పాయింట్లు లేకపోయినా అవకాశం బొత్తిగా లేకపోదు. రాకపోతే ఏటా 31 డాలర్లు కట్టి ఒక పాయింటు కొనుక్కోవచ్చు. రెగ్యులర్ ట్యాగ్ ధర 326 డాలర్లు, దరఖాస్తు రుసుము అదనం. స్పెషల్ అని మరో వర్గం ఉంది, పోటీ తక్కువ ఉంటుందన్న ఆశతో కొందరు దాన్ని ఎంచుకుంటారు, దానికి 2024 నుంచి 1,200 డాలర్లు వసూలు చేస్తున్నారు. మొదటి వేటకు అంత పెట్టమని నేను చెప్పను. ఈ అంకెలు మారుతుంటాయి కనుక ఆ ఏటి నిబంధనల పుస్తకం చూసుకోండి. పాత వ్యాసాల్లోని డ్రా లెక్కలను కూడా గుడ్డిగా నమ్మకండి, 2022-23 శీతకాలంలో మంచుకు ప్రాంగ్‌హార్న్‌లు పెద్ద సంఖ్యలో చనిపోయాక చాలా ఏరియాల్లో ట్యాగ్‌లు బాగా తగ్గించారు.

ఏరియా ఎంచుకునేటప్పుడు ప్రభుత్వ భూమి ఎంత శాతం అన్న ఒక్క లెక్క సరిపోదు. ఆ పసుపు నేల ఒకే ముద్దగా ఉందా, దాన్ని చీల్చుకుంటూ కౌంటీ రోడ్డు పోతోందా అన్నది చూడాలి. శాతం ఎక్కువగా ఉండి ముక్కలు ముక్కలుగా ఉన్న ఏరియా కంటే, శాతం తక్కువైనా రోడ్డు పక్కనే పది సెక్షన్లు కలిసి ఉన్న ఏరియా మేలు. దానికి తోడు రాష్ట్ర వేట విభాగం యాక్సెస్ యెస్ అనే పథకం కింద కొన్ని ప్రైవేటు రాంచ్‌లను వేటగాళ్ల కోసం తెరిపిస్తుంది. వాక్-ఇన్ ఏరియాలంటే కాలినడకన వెళ్లి వేటాడే ఆ నేలలే. వాటిని పటం మీద పసుపుతో కలిపి చూస్తే కొన్నిచోట్ల బొమ్మ పూర్తిగా మారిపోతుంది. ట్యాగ్ వివరాల్లో ఆఖరి గడిలో ఉండే పరిమితులను అక్షరం అక్షరం చదవండి. ఆడ జంతువులకు, వాటి పిల్లలకు మాత్రమే చెల్లే 34 డాలర్ల ట్యాగ్‌లు చవకే గానీ, వాటిలో కొన్ని ప్రైవేటు భూమి మీద మాత్రమే చెల్లుతాయని ఆ గడిలోనే రాసి ఉంటుంది. ఆఖరికి స్థానిక గేమ్ వార్డెన్‌కు, అంటే వేట నిబంధనలు చూసే అధికారికి, ఫోన్ చేయండి. జంతువులు ఎక్కడున్నాయని అడగకుండా, ఫలానా రోడ్డు నుంచి ఫలానా ముక్కకు దారి ఉందా అని అడిగితే వాళ్లు సంతోషంగా చెబుతారు.

వీసా సంగతికి వస్తాను. దీన్ని తేలికగా తీసుకోవద్దు. 1998లో చేర్చిన ఒక నిబంధన ప్రకారం హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 వంటి వీసాలపై దేశంలోకి వచ్చినవారు తుపాకి గానీ తూటాలు గానీ తమ వద్ద ఉంచుకోవడం ఫెడరల్ నేరం. దీనికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. అమెరికాలోని ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండడం వాటిలో ఒకటి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. మీరు రాంచ్‌లో వేటాడారు కదా అని టెక్సాస్ లైసెన్సు ఉందనుకోకండి, ప్రైవేటు భూమి మీద యజమాని అనుమతితో అడవిపందులను వేటాడడానికి అక్కడ 2019 నుంచి లైసెన్సు అక్కర్లేదు, కాబట్టి మీ దగ్గర ఉందో లేదో చూసుకుని, లేకపోతే కొనండి. అయితే మామూలు టెక్సాస్ లైసెన్సు గడువు ఆగస్టు 31తో ముగుస్తుంది. సెప్టెంబర్ 1 ఉదయానికి కొత్తది చేతిలో లేకపోతే, అల్మారాలో తాళం వేసి ఉన్న తుపాకి కూడా మిమ్మల్ని ఇరకాటంలో పెడుతుంది, అది వీసాను, రాబోయే గ్రీన్‌కార్డును కూడా దెబ్బతీయగల వ్యవహారం. ఒక్క రోజు కూడా ఖాళీ రాకుండా చూసుకోండి, కాపీని తుపాకి పెట్టెలోనే ఉంచండి, తుపాకి కొనే ముందు ఒక గంట ఇమిగ్రేషన్ లాయర్‌కు డబ్బు కట్టి మాట్లాడండి. దారిలో తుపాకిని ఖాళీ చేసి, తాళం వేసిన పెట్టెలో, తూటాలను విడిగా పెట్టుకుని వెళ్లండి.

ఇంకో రెండు మాటలు. 1966 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి వయోమింగ్‌లో హంటర్ సేఫ్టీ సర్టిఫికెట్ కావాలి, టెక్సాస్‌లో తీసుకున్నది పనికొస్తుంది. తుపాకితో వేటాడేటప్పుడు ఒంటి మీద పైకి కనిపించేలా మెరిసే నారింజ లేదా గులాబీ రంగు దుస్తు ఒక్కటైనా ఉండాలి.

ఇంటి దగ్గర మరో ప్రశ్న కూడా వస్తుంది, మా ఇంట్లో వచ్చింది. జింకను చంపితే జైల్లో పెడతారు గదా అని ఊరి నుంచి మేనమామ ఫోన్ చేశాడు. మన దగ్గర అది నిజం, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద కృష్ణజింకకు అత్యున్నత రక్షణ ఉంది, పైగా అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. అమెరికాలో అందరూ యాంటిలోప్ అని పిలిచే ప్రాంగ్‌హార్న్ దాని జాతి కాదు. ఆ కుటుంబంలో మిగిలిన ఒకే ఒక్క జీవి ఇది, బతికున్నవాటిలో దానికి దగ్గర చుట్టాలు జిరాఫీ, ఒకాపీ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో దాదాపు అంతరించే దశకు వచ్చి మళ్లీ పెరిగింది. 1937 నాటి చట్టం ప్రకారం వన్యప్రాణులకు కేటాయిస్తున్న తుపాకులు, తూటాల మీది ప్రత్యేక పన్ను, వేట లైసెన్సుల సొమ్ము అందుకు చాలావరకు ఆసరా అయ్యాయి. మేనమామ పూర్తిగా ఒప్పుకోలేదు, ఆయన్ని ఒప్పించాలని నేనూ పట్టుబట్టలేదు. ఫోటోలు బంధువుల వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకపోవడం, కొమ్ములు ఇండియాకు తీసుకెళ్లే ఆలోచన మానుకోవడం మాత్రం మీకూ మంచిది.

ఇక వేట. తుపాకి సీజన్ చాలా ఏరియాల్లో సెప్టెంబర్ రెండో సగంలో గానీ అక్టోబర్‌లో గానీ మొదలవుతుంది. వీటిని కనిపెట్టడం కష్టం కాదు, మధ్యాహ్నం పూట కూడా బయటే నిలబడి ఉంటాయి. కష్టమంతా దగ్గరికి పోవడంలో ఉంది. తలకు రెండు పక్కలా పొడుచుకొచ్చినట్టుండే పెద్ద కళ్లతో వెనక కొద్ది భాగం తప్ప చుట్టూ అంతా చూడగలవు, భయపడితే గంటకు 55 మైళ్ల వేగంతో పోగలవు. అనుమానం వస్తే పిరుదుల మీది తెల్ల వెంట్రుకలను నిక్కబొడుచుకుంటాయి. మైలు దూరం నుంచి ఆ తెలుపు అద్దంలా మెరుస్తుంది, మిగతా మంద అప్రమత్తమవుతుంది. కనుక బండిలోంచి కనిపించగానే ఆగకండి. అదే వేగంతో ముందుకు సాగి, గుట్ట మరుగున బండి ఆపి, ఒక మైలు చుట్టు తిరిగి రండి. రోడ్డు మీదినుంచి, రోడ్డుకు అడ్డంగా కాల్చడం నేరం కూడాను.

నాకు పాఠం చెప్పిన మగదాన్ని గురించి కాస్త వివరంగా రాస్తాను. అది ఒక పొడి వాగు గట్టున పడుకుని ఉంది, నాకూ దానికీ మధ్య మోకాలెత్తు సేజ్‌బ్రష్ పొదలు తప్ప వేరే చాటు లేదు. గాలి నా ముఖం మీదికి వీస్తోంది. తుపాకిని మోచేతుల మడతల్లో పెట్టుకుని, కడుపు మీద పాకుతూ నాలుగు వందల గజాలు పోవడానికి రెండు గంటలు పట్టింది. నేలను అంటిపెట్టుకుని పెరిగే నాగజెముడు ముళ్లు కుడి మోచేతిలో గుచ్చుకున్నాయి, అప్పటినుంచి తోలు చేతి తొడుగులు, మోకాలి పట్టీలు లేకుండా నేను పాకను. ఒంటి కింద నలిగిన సేజ్‌బ్రష్ వాసన మాత్రం ఎక్కడో విన్న పాటలా తగిలింది. ఆ తర్వాత చదివితే తెలిసింది, అది మన మాచిపత్రి, దవనం ఉన్న జాతిదేనట. వినాయక చవితి పత్రిలో మొదట వేసే ఆకు చుట్టాన్ని కడుపు కింద వేసుకుని వేటకు పాకుతున్నానన్నమాట. రెండు వందల గజాల దగ్గర తల కొంచెం ఎత్తేసరికి, నేను చూసుకోని ఒక ఆడది ఎడమ వైపు నలభై గజాల్లో నిలబడి నన్నే చూస్తోంది. తెల్ల పిరుదులు మెరిశాయి, క్షణంలో మగదీ అదీ కలిసి ముప్పాతిక మైలు అవతల తేలాయి.

మర్నాడు దాన్ని వెంబడించడం మానేసి కంచె దగ్గర కూర్చున్నాను. ప్రాంగ్‌హార్న్ కంచెను దూకడానికి ఇష్టపడదు, కింది తీగ కిందినుంచి దూరి పోతుంది. కంచె వెంట నడిస్తే నేల అరిగి గుంటపడిన చోట్లు కనిపిస్తాయి, కింది తీగకు బోలు వెంట్రుకలు గుత్తులుగా అంటుకుని ఉంటాయి. గాలివాటం చూసుకుని, అలాంటి ఒక కంతకు నూట డెబ్బై గజాల దూరంలో మాటు వేశాను. పదకొండు దాటాక ఒక మంద వరసగా వచ్చింది, అదే మగది ఆఖరున వంగి దూరి, ఇటు లేచి దులుపుకోవడానికి నిలబడింది. ప్రభుత్వ భూమి మీద ఇతర వేటగాళ్లు రోజంతా బండ్లలో తిరుగుతూ మందలను కదుపుతుంటారు. కదిలినవి ఇలాంటి కంతల దగ్గరికి వస్తాయి, కూర్చునే ఓపిక ఉన్నవాడికి ఆ రద్దీ కూడా ఉపయోగమే.

దూరం గురించి మీరు నాలుగు వందల గజాలకు సాధన చేస్తున్నానని రాశారు. కాగితం మీద చేయండి, జంతువు మీద వద్దు. దాని ఛాతీలో ప్రాణస్థానం ఎనిమిది, తొమ్మిది అంగుళాల వెడల్పు. 6.5 క్రీడ్‌మోర్ వంటి తుపాకితో మూడు వందల గజాల్లో, అడ్డంగా వీచే పది మైళ్ల గాలి తూటాను దాదాపు ఆరు అంగుళాలు పక్కకు నెడుతుంది. వయోమింగ్‌లో మధ్యాహ్నానికి ఇరవై మైళ్ల గాలి మామూలు విషయం, అప్పుడది అడుగు దూరం అవుతుంది. గుండెకు గురిపెట్టిన తూటా పొట్టలో తగులుతుంది, పొట్టలో తగిలిన జంతువు మైళ్ల కొద్దీ పోతుంది, అందులో సగం దూరం ప్రైవేటు భూమి అయితే మీ కథ ముగిసినట్టే. నా హద్దు రెండు వందల యాభై గజాలు, అదీ తుపాకి కింద రెండు కాళ్ల స్టాండు ఆని ఉన్నప్పుడు. ఈ జంతువు చిన్నది కాబట్టి ఉన్నదానికంటే దూరంగా ఉందనిపిస్తుంది. కంటి అంచనా వద్దు, దూరం కొలిచే రేంజ్‌ఫైండర్ వాడండి. తూటా రకాల్లో .243, .270, 6.5 క్రీడ్‌మోర్, ఏదైనా చాలు. దాని వెనక మరొకటి నిలబడి లేదని చూసుకున్నాకే ట్రిగ్గర్ మీద వేలు పెట్టండి, ఒక తూటాకు రెండు పడితే మీ దగ్గర ట్యాగ్ ఒకటే ఉంటుంది. ట్యాగ్ ఆడదానికైతే, చిన్న కొమ్ములున్న ఆడవి కూడా ఉంటాయని, మగదానికి దవడ వెనక నల్ల మచ్చ ఉంటుందని గుర్తుంచుకోండి.

మాంసం వాసన గురించి. మీరు విన్నది నిజమే, కానీ తప్పు జంతువుది కాదు. చలికి తట్టుకునేలా బోలుగా ఉండే వెంట్రుకలు ప్రాణం పోయాక కూడా ఒంటి వేడిని లోపలే పట్టి ఉంచుతాయి, సెప్టెంబర్ ఎండ దానికి తోడవుతుంది. దాన్ని బండి మీద పడేసి ఊళ్లోకి ఊరేగించినవారే తర్వాత వాసన వస్తుందంటారు. పడిన వెంటనే ట్యాగ్ మీద తేదీ గుర్తించి, సంతకం చేసి, దానికి కట్టండి. తర్వాత గంటలోపు చర్మం ఒలిచేయాలి. వెంట్రుకలు చేయి తగిలితే చాలు ఊడి మాంసానికి అంటుకుంటాయి కనుక కత్తిని చర్మం లోపలినుంచి బయటికి కోయండి, చర్మాన్ని పట్టిన చేత్తో మాంసాన్ని ముట్టుకోకండి. నాలుగు కాళ్లు, వీపు కండలు విడదీసి బట్ట సంచుల్లో వేసి నీడన వేలాడదీస్తే గాలికి పైన పొర ఆరుతుంది. తినదగిన మాంసం వదిలేయడం నేరం, ఆడా మగా తెలిపే గుర్తు ఒకటి మాంసంతో ఉంచాలన్న నియమమూ ఉంది.

మీకు డాలస్‌కు పదమూడు పద్నాలుగు గంటల ప్రయాణం. రెండు పెద్ద కూలర్లు తీసుకెళ్లండి. ఐసు కరిగిన నీళ్లలో మాంసం నానకుండా అడుగున బిరడా తీసి ఉంచండి, ఒక్కో ఆగిన చోట ఐసు మార్చండి. వాన పడితే బంకమన్ను రోడ్లు చక్రాలకు రెండంగుళాల మందాన అతుక్కుపోతాయి, ఆరేదాకా కదలకుండా ఉండడం తప్ప మార్గం లేదు. కనుక ఐసు, నీళ్లు, తిండి ఒక రోజుకు అదనంగా ఉండాలి. పలకరాళ్లు టైర్లను కోస్తాయి, రెండో స్టెప్నీ దండగ కాదు.

మగదాని నుంచి ఎముక తీసిన మాంసం పదిహేను కిలోల చుట్టుపక్కల వస్తుంది. ఇంటికొచ్చాక మొదట కొవ్వు, తెల్ల పొరలు పూర్తిగా తీసేయండి, ఉన్న కాస్త వాసనా ఆ కొవ్వులోనే ఉంటుంది. ముందు కాళ్ల ముక్కలను మేకమాంసంలాగే అల్లంవెల్లుల్లితో ఇగురు పెట్టవచ్చు, గోంగూర దీనికి బాగా నప్పుతుంది. తొడ మాంసంలో సగం కైమాకు వాడతాం. వీపు కండను మాత్రం కుక్కర్లో పెట్టకండి. మొదటిసారి మా ఇంట్లో అలవాటు చొప్పున పెట్టి ఆరు కూతలు రానిచ్చాం, తీసి చూస్తే చెప్పు అట్టలా బిగుసుకుపోయింది. దాన్ని అంగుళం మందాన కోసి, మిరియాల పొడి, ఉప్పు పట్టించి, బాగా కాలిన పెనం మీద ఒక్కో వైపు రెండు నిమిషాలు వేస్తే చాలు, మధ్యలో ఇంకా కొంచెం గులాబీ రంగు ఉండగానే దించేయండి.